విమానం ఎడమ పక్క

మా మిస్త్రన్న పోయాడని ఆయన భార్యే ఫోన్ చేసింది. మందమర్రి నుంచి, ఎస్టీడీ బూత్‌లో నిలబడి. "చెల్లె, మీ అన్న పొద్దుగాల చాయ తాగి కూసున్నకాడ్నే పోయిండు," అంది. గొంతులో ఏడుపు లేదు. "ఎన్ని గంటలకు వదినె?" అన్నాను. ఆ ప్రశ్న ఎందుకు అడిగానో నాకే తెలియదు. "ఏడు గొట్టడానికి ఇంక జరంత ఉండె. ఏడని చెప్పకు ఎవలికి, మీ అన్నకు కోపమొస్తది," అంది. అప్పుడు ఇద్దరం ఏడ్చాం.

మీలో చాలామందికి ఆయన తెలియదు. పేపర్లో పడే మనిషి కాదు. బొగ్గు గనుల వర్క్‌షాపులో ప్యాటర్న్ మిస్త్రీ. ఇనుముతో ఏ భాగం పోత పోయాలన్నా ముందు దాన్ని చెక్కతో అచ్చంగా చేయాలి. ఆ చెక్క నమూనాను ఇసుకలో నొక్కి తీస్తే గుంట పడుతుంది, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. చెక్క తప్పయితే ఇనుమూ తప్పే. ఆ చెక్క పని ఆయనది. మా ఆయన గనుల ఆఫీసులో గుమాస్తా, నేను ఆడపిల్లల బడిలో సోషల్ టీచర్ని. మేం రిటైరై కరీంనగర్ వచ్చేదాకా ఆయనవాళ్లూ మేమూ పక్కపక్క క్వార్టర్లలోనే బతికాం. మధ్యలో నడుమెత్తు గోడ. ఆ గోడ మీదుగా ఎన్ని కూరగిన్నెలు అటూ ఇటూ పోయాయో అన్ని తగువులూ నడిచాయి. నా నోరు మంచిది కాదని హుజూరాబాద్‌లో మా అవ్వ ఎప్పుడో తేల్చేసింది. మిస్త్రన్న నోరు మంచిదే, మనిషి మొండి.

మొదటి తగువు గోదావరి మీద. బడిలో పెట్టడానికి జిల్లా పటం గీసి గోడ మీద ఆరబెట్టాను. మిస్త్రన్న చెవి మీద పెన్సిల్‌తో అటువైపు వచ్చి నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. "చెల్లె, చెన్నూరు కాడ గోదారి గిట్ల తిన్నగ పోదు. ఉత్తరం దిక్కు తిరుగుతది. నేను పుట్టిన ఊరు గది," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పుస్తకంలో ఉన్నట్టే గీశాను, పిల్లలకు ఆ మాత్రం వంకర అక్కర్లేదు అన్నాను. "పిల్లలకు వద్దేమో. గోదారికి కావాలె గద," అన్నాడు. ఆదివారం చర్చి కాగానే ఆయనా వదినే మమ్మల్ని బస్సెక్కించి చెన్నూరు తీసుకెళ్లి నది ఒడ్డున నిలబెట్టారు. పొద్దు చూసి దిక్కులు చెప్పించాడు నాతో. నది నిజంగానే ఉత్తరానికి పోతోంది. నేను పటం మళ్లీ గీశాను. మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఇటలీ దొర వచ్చింది డెబ్బైల నడుమ. గోదావరి అవతల ఒక పెద్ద కార్ఖానా కడుతున్నారు. దానికి యంత్రాలు బిగించడానికి వచ్చిన ఇంజనీర్లలో ఆయనొకడు. ఏదో పంపు భాగం విరిగితే మా వర్క్‌షాపులో పోత పోయించారట. ఆ చెక్క నమూనా చేత్తో తడిమి చూసి, ఇది చేసిన మనిషి ఎవరని అడిగాడట. వారం తర్వాత జీపులో నేరుగా మిస్త్రన్న ఇంటికి వచ్చాడు. ఆయనకు వచ్చింది విరిగిన ఇంగ్లీషు, మిస్త్రన్నకు అదీ రాదు. "చెల్లె, జర రా," అని గోడ మీద నుంచి కేక. అట్లా నేను దుబాసీనయ్యాను.

దొర జేబులోంచి ఒక నలుపు తెలుపు ఫొటో తీశాడు. ఒక చిన్న జెట్ యుద్ధవిమానం, దాని పక్కన నవ్వుతూ ఒక కుర్రవాడు. దొర తమ్ముడు. వాళ్ల దేశంలోనే తయారైన విమానం, జీ-91 అంటారట. తమ్ముడు దాన్నే నడిపేవాడు, దాంట్లోనే పోయాడు. యుద్ధం ఏమీ లేదు, మామూలు శిక్షణలో కొండకు తగిలింది. ఊళ్లో తల్లి ఒక్కతే ఉంది. కొడుకు తిరిగిన విమానాన్ని ఆమె ఎప్పుడూ దగ్గరగా చూడలేదు. ఆమె ఒళ్లో పెట్టడానికి అచ్చం అట్లాంటిది చెక్కతో చేసివ్వగలడా అని అడిగాడు. మూడు నెలల్లో తను ఇంటికి వెళ్లిపోతాడు.

మిస్త్రన్న ఫొటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. "కొలతలు ఉన్నయా అడుగు," అన్నాడు. లేవు. "తమ్ముడు ఎంత పొడుగుండెనో అడుగు." అడిగాను. దొర ఒక్క క్షణం నా వైపు చూసి, లేచి నిలబడి, అరచేయి తన చెవి దగ్గర పెట్టాడు. మిస్త్రన్న నేల నుంచి ఆ చేతి దాకా స్కేలు పెట్టి కొలిచాడు. ఫొటోలో మనిషి ఎంతుంటే విమానం ఎన్ని రెట్లుందో లెక్క కట్టడానికి. కొలవడం అయిపోయినా దొర చెయ్యి దించలేదు. వదినె చాయ తెచ్చి ఇస్తే గాని దించలేదు.

ఇక ప్రతి ఆదివారం మా వాకిళ్లలో విమానమే. వయసు మళ్లిన టేకు తెచ్చాడు, ఆరి ఆరి ఇక వంకర పోనిది. ఒకరోజు మా ఆయన చూసి, "గిది పాకిస్తానోళ్ల సేబర్ లెక్కుంది గదనె," అని నవ్వాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో పేపర్ల నిండా ఆ జెట్ విమానాల బొమ్మలే. ఆయనకది నవ్వులాట, మిస్త్రన్నకు అన్నం సయించలేదు. లైబ్రరీలో పాత పేపర్ వెతికించాడు నాతో. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూశాక గాని మొహం తేటపడలేదు. "సేబర్‌కు నోరు మొత్తం తెరిచుంటది. దీనికి పైపెదవి ముందుకొచ్చి నోరు కిందికుంటది. నేను ముక్కు పొట్టిగ చేసిన. తప్పు నాదే, నీ మొగనిది గాదు," అని ముక్కు మళ్లీ చెక్కాడు.

పాతికేళ్ల పరిచయంలో ఆయన్ని నేను తప్పు పట్టిన రోజు ఒక్కటే ఉంది, అది చెప్పుకోకుండా ఎట్లా ఉంటాను. విమానం పక్కన అంకెలు రాయడానికి నా బడి స్కేలు పెట్టి గీతలు గీస్తున్నాను. ఆయన కాగితంలో రాసుకున్న పొడవుకూ బొమ్మ పొడవుకూ గోరంత తేడా వస్తోంది. మళ్లీ పెట్టాను. మళ్లీ అంతే. "అన్నా, నీ విమానం పెరిగింది," అన్నాను, లోపల సంబరం పట్టలేక. ఆయన నా స్కేలు తీసుకుని తన స్కేలు పక్కన పెట్టాడు. గీతలు కలవలేదు. సంగతేమిటంటే, కరిగిన ఇనుము చల్లారేటప్పుడు కొంచెం ముడుచుకుంటుంది. అందుకని ప్యాటర్న్ మిస్త్రీల స్కేల్లో ప్రతి అంగుళమూ అసలు అంగుళం కంటే వెంట్రుకవాసి ఎక్కువ ఉంటుంది. చెక్క కాస్త పెద్దగా చేస్తే ఇనుము సరిగ్గా వస్తుంది. ఇరవై ఏళ్లుగా చేతిలో ఉన్నది ఆ స్కేలే. చెక్కగానే ఉండిపోయే బొమ్మకు కూడా దాన్నే పెట్టేశాడు.

"నూటికొక వంతు. ఆ ముసలమ్మ స్కేలు పట్టుకుని కూర్చుంటదా?" అన్నాను. సంబరం పోయి జాలేసింది.

"పొలగాడు అన్న చెవి దాంక వస్తడు. గీ పెద్దదాని పక్కన నిలబెడితే చెవి కిందికి పడ్తడు," అన్నాడు.

ఆరు వారాలే మిగిలాయి. మర్నాడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. మొదటి విమానానికి రెక్కలు పీకి వదినెకిచ్చాడు. ఆమె దాన్ని కోడిపిల్లల మీద గంప కదలకుండా బరువుగా పెట్టింది. చాలా ఏళ్లు ఆ పనే చేసింది అది.

రంగుల పని నిర్మల్‌లో బొమ్మలు చేసే ఒక ముసలి నకాష్‌ది. ఆ చేతికి అబ్బని రంగు లేదు. బూడిద రంగూ ముదురాకుపచ్చా దొర చెప్పిన పోలికలకు కలిపి, చెక్క ముక్కల మీద పూసి, దొర చూసి ఊఁ అనేదాకా మార్చి మార్చి ఇచ్చాడు. చివరికి పక్కన వేసే గుండ్రటి గుర్తు. ఆయనకు చెప్పింది సరిగ్గానే చెప్పాం, నడుమ ఆకుపచ్చ, తర్వాత తెలుపు, బయట ఎరుపు అని. తీరా చూస్తే బయట చక్కని కాషాయం వేశాడు. మన విమానాలకు ఉండేది అదే మరి. "నా చేతికి తెలిసింది గదే," అన్నాడు నకాష్, తల గోక్కుంటూ. మిస్త్రన్న ఆయన్ని ఒక్క మాట అనలేదు. "నా స్కేలు సంగతి కూడ గంతే తాతా," అన్నాడు. ఇద్దరూ కూర్చుని ఆ కాషాయాన్ని గీకి తీసి ఎరుపు వేశారు.

కుడి పక్క పూర్తయింది. ఫొటోలో కనిపించేది ఆ పక్కే. తుపాకీ కన్నాలు రెండు, అంకెలు, గుర్తు, పైలట్ కూర్చునే చోటి మూత మీద గీతలు, అన్నీ ఉన్నాయి. ఎడమ పక్క ఎప్పుడు వేస్తావన్నాను. వెయ్యను అన్నాడు.

"అదేందన్నా, ఇటున్నట్టే అటు ఉంటది గద."

"ఉండొచ్చు. నేను చూడలే. దొరను నీతోనే అడిగిస్తి గద, ఆయన కూడ చూడలే. చూడంది చెక్కకు చెప్పొద్దు."

నేను ఊరుకునే రకమా? మనిషికి రెండు చెవులూ ఒకేలా ఉన్నట్టు విమానానికి రెండు పక్కలూ ఒకేలా ఉంటాయన్నాను. సగం రంగు వేసి సగం బోడిగా వదిలిన బొమ్మను తల్లి చేతిలో ఎట్లా పెడతారన్నాను. పరువు తీస్తున్నావన్నాను. ఆయన వింటూ ఎడమ పక్కను గరుకు కాగితంతో నున్నగా రుద్దుతూనే ఉన్నాడు. నేను ఆగాక చెప్పాడు. కొత్తగా పనిలో చేరిన రోజుల్లో ఒక డ్రాయింగ్‌లో ఒక కొలత చెరిగిపోయిందట. అడగడానికి సిగ్గుపడి, ఇంతే ఉంటుందిలే అని అంచనాతో చేశాడు. గనిలో ఆ పోత ముక్క విరిగి ఒకతని కాలు పోయింది. "ఆయనింటికి పోయి కూసున్న. ఆయన నన్నొక్క మాటనలే చెల్లె. అప్పటి సంది, తెల్వనిది తెల్వనట్టే ఉంచుతున్న," అన్నాడు. వదినె లోపల్నుంచి, "గా ముచ్చట నాక్కూడ చెప్పలే," అంది. కాని నాకు నచ్చలేదు.

దొర వెళ్లే ముందు రోజు వచ్చాడు. కుడి పక్క నుంచి చూసి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. తర్వాత తిప్పాడు. అటు ఒట్టి టేకు. నున్నగా, వార్నిష్ మాత్రమే. ఆయన నన్ను చూశాడు. "ఇది పూర్తి కాలేదా?" అన్నాడు.

"చెప్పు చెల్లె," అన్నాడు మిస్త్రన్న. "గీ పక్క నాకు తెల్వదు, తెల్సినోళ్లుంటే వాళ్లనడిగి వేసుకోమను. లేకుంటే గట్లనే ఉంచమను."

నా జీవితంలో నేను చేసిన సిగ్గుమాలిన పని ఇప్పుడు చెబుతున్నాను. ఆ మాట నాకు పెద్ద అవమానంగా తోచింది. పరాయి దేశపువాడి ముందు మా మనిషి తెలియదని చెప్పడం నాకు మింగుడు పడలేదు. నేను ఇంగ్లీషులో, "టైం సరిపోలేదు, క్షమించమంటున్నాడు," అన్నాను. దొర తల ఊపి మిస్త్రన్న భుజం తట్టాడు. మిస్త్రన్న సంతోషంగా నవ్వాడు, తన మాట చేరిందనుకుని. పిల్లలకు చరిత్ర చెప్పే దాన్ని నేను.

నాలుగు నెలలకు ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషు కనుక నా చేతికే వచ్చింది. అమ్మ బొమ్మను మంచం పక్కనే పెట్టుకుందని, మీకు టైం చాలక వదిలేసిన పక్కను మా ఊరి పెయింటర్ కుడి పక్కలాగే వేసిస్తానన్నాడని, క్రిస్మస్‌కల్లా అయిపోతుందని రాశాడు. అప్పటికి డిసెంబర్ మొదలైంది. ఆ కాగితం పట్టుకుని వాకిట్లోనే ఆ వాక్యం మళ్లీ చదివాను. ఆ మనిషి మూడు నెలలు ఒక్క అబద్ధపు గీత పడకుండా చేసిన దాని మీద, నా నోటి మాట వల్ల, ఎక్కడో ఎవడో అబద్ధం పూయబోతున్నాడు.

గోడ దగ్గరికి వెళ్లి అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది. మిస్త్రన్న చెవి మీది పెన్సిల్ తీసి కాసేపు చేతిలో తిప్పాడు. "సిగ్గయ్యిందా?" అన్నాడు. అయిందన్నాను. "నాకు కూడ గప్పుడు సిగ్గే అయ్యింది, కొలత అడగనీకి," అన్నాడు. తర్వాత లోపలికి వెళ్లి చొక్కా వేసుకుని వచ్చాడు. "నడువు, తార్ కొడ్దాం."

మంచిర్యాల పోస్టాఫీసులో ఇటలీకి టెలిగ్రాం ఇవ్వడానికి వచ్చిన మొదటి ఆడమనిషిని నేనేనట. "రెండో పక్క రంగు వేయవద్దు, ఉత్తరం వస్తోంది" అని ఇంగ్లీషులో రాసిస్తే, గుమాస్తా రెండుసార్లు చదివి, ఎవరికైనా బాగాలేదా అమ్మా అని అడిగాడు. ఇంటికి వచ్చి ఉత్తరం రాశాను. టైం మాట అబద్ధమనీ అది నాదేననీ రాసి, కింద మిస్త్రన్న చెప్పిన మాటలు చెప్పినట్టే పెట్టాను. అందులో ఒక్క ముక్క కూడా నేను సవరించలేదు.

తర్వాత ఏమీ రాలేదు. క్రిస్మస్ పోయింది, ఎండలు ముదిరాయి. నేను రోజూ పోస్ట్‌మ్యాన్ ముఖం చూసేదాన్ని. "ఫికర్ చెయ్యకు," అనేవాడు మిస్త్రన్న, "మనం చెప్పాల్సింది చెప్పినం." ఆయనకు ఫికర్ లేదేమో గాని నాకుండేది. ఆ పక్క మీద రంగు పడిపోయి ఉంటే దాన్ని నేను ఏ నీళ్లతో కడగాలి?

బడి సెలవుల్లో వచ్చింది. పెద్ద ఉత్తరం. వదినె చేట పక్కన పెట్టి వచ్చింది, మా ఆయన కూడా గోడకు ఆనుకున్నాడు. పైకి చదివి తెలుగులో చెప్పాను.

టెలిగ్రాం చేరేసరికి పెయింటర్ పెన్సిల్ గీతలు గీశాడట, రంగు ముట్టలేదట. మా ఉత్తరాన్ని తల్లి తన భాషలో రాయించుకుని, ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ చదివి వినిపించిందట. తెలిసినవాళ్లను వెతుకు అని పెద్దకొడుకును పోరింది. వెతికితే ఆ విమానం చూసుకున్న మెకానిక్ దొరికాడు. రోజూ ఎడమ పక్క నిచ్చెన వేసి పైలట్‌ను ఎక్కించింది అతనే. ఆఖరి రోజు బెల్టులు బిగించింది కూడా అతనే. తనను చూస్తే ఆమె ఏమంటుందోనన్న భయంతో అన్నేళ్లూ ఆ ఊరి వైపే రాలేదు. పిలిస్తే రైలెక్కి వచ్చాడు. బొమ్మను తిప్పి ఆ బోడి టేకును చాలాసేపు చూసి కుంచె అడిగాడు. అంకెలు వేశాడు, అవి కుడి పక్కలా లేవు, వరస వేరు. తర్వాత, నిచ్చెన ఆనే చోటికి పైన, ఆ మూత అంచు కింద, చిన్న ఉల్లిగడ్డ వేశాడు.

ఇదేమిటని తల్లి అడిగింది. చిన్నప్పుడు మీరు వాణ్ని ఉల్లిగడ్డా అని పిలిచేవారట కదా, ఆఫీసర్లు చూడకుండా నాతో వేయించుకున్నాడు, రోజూ ఎక్కే ముందు దాన్ని ఒకసారి తట్టేవాడు అన్నాడు మెకానిక్. ఆమె నవ్విందట. నవ్వుతూ అతని చేయి పట్టుకుని భోజనానికి కూర్చోబెట్టిందట. అమ్మ నవ్వు విని ఎన్నేళ్లయిందో లెక్క కూడా మరిచిపోయాం అని రాశాడు దొర.

వదినె కొంగు మొహాన పెట్టుకుంది. నాకు అక్షరాలు కనపడలేదు. మిస్త్రన్న ఉత్తరం వైపు వంగి, "ఉల్లిగడ్డ నిలబడ్డదా పండుకున్నదా, గది రాసిండా?" అన్నాడు.

"ఏందన్నా?"

"వేరు కిందికుందా, ఎనుకకుందా? ఎర్రదా తెల్లదా? రాయలే గదా. అడుగు చెల్లె."

అడిగాను. జవాబు వచ్చింది. ఎర్రది. వేరు వెనక్కి, మొలక ముందుకు, ఎగురుతున్నట్టు. ఆ కాగితం మడిచి ఆయన తన బైబిల్లో పెట్టుకున్నాడు.

ఆయన పోయి నెల దాటింది. పోయిన వారం వదినె రమ్మంటే మందమర్రి వెళ్లాను, సమాధి మీద రాయి వేయిస్తున్నారు. బండ చెక్కే అతను పేరు చెక్కి, పోయిన తారీకు చెక్కి, పుట్టిన తారీకు కోసం ఆగి ఉన్నాడు. అది ఎవరికీ తెలియదు. చెన్నూరులో వాళ్లవ్వకు గుర్తుండింది ఆ ఏడు పంట బాగా పండిందని మాత్రమే. సర్వీసు పుస్తకంలో ఒక తారీకు ఉంది, పనిలో చేరిన రోజు ఎవరో మనిషిని ఎగాదిగా చూసి వేసింది.

"టీచరమ్మా, మీరు సదువుకున్నోళ్లు, ఏదన్న ఒక తారీకు చెప్పరాదుండ్రి. లేకుంటే జాగ బోడిగ కనవడ్తది," అన్నాడతను. సర్వీసు పుస్తకం నా చేతిలోనే ఉంది. వదినె నా వైపే చూస్తోంది.

"తెల్వదు," అన్నాను. ఆ మాట అనడం నాకు కష్టం కాలేదు.

అతను భుజాలెగరేసి ఉలి మూటకట్టుకుని పోయాడు. వదినె కుండలో నీళ్లు తెచ్చి దుమ్ము పోయేలా బండ మీద పోసింది. ఎండకు ఖాళీ జాగా ముందుగా ఆరిపోయింది. చెక్కిన అక్షరాల్లో నీళ్లు ఇంకా నిలిచి ఉన్నాయి.